మూడు పట్నాలు, ఒక విద్యార్థి పత్రిక

2024 ఆగస్టు 31న పట్టిన వాన మర్నాటికల్లా కోదాడను ముంచేసింది. కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, వాగులు పొంగి కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు గండి పడి పొలాలు ఏరులయ్యాయి. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. ఆ రెండు మూడు రోజులు రాష్ట్రమంతా కోదాడ పేరు విన్నది. కెమెరాలొచ్చాయి, నాయకులొచ్చారు, నష్టం అంచనాలు వెలువడ్డాయి. నీళ్లతో పాటే వార్త కూడా తగ్గుముఖం పట్టింది. అసలు ప్రశ్నలు మొదలైంది ఆ తర్వాతే. చెరువు అలుగు పోసినప్పుడు ఆ నీళ్లు ఏ దారిన పోవాలి? ఆ దారిలో ఇప్పుడేముంది? పొలంలో మేట వేసిన ఇసుకను ఎవరు తీయించారు, ఎవరి ఖర్చుతో? పరిహారం జాబితాలో కౌలురైతు పేరు ఎక్కిందా? వీటికి జవాబు ఒక్క పూటలో దొరకదు. ఒకే కాలనీకి పదిసార్లు వెళ్లాలి, పాత పటాలు తిరగేయాలి, కార్యాలయాల్లో కాగితాలు అడగాలి, ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి చూడాలి. దినపత్రిక విలేకరికి అంత తీరిక ఉండదు. డిగ్రీ విద్యార్థికి మూడేళ్లుంటాయి.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఆ మూడేళ్ల గురించే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు ఒకదానికొకటి గంట, గంటన్నర బస్సు ప్రయాణంలో ఉన్నాయి. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. అయినా కాల్వ నీళ్లు, వడ్ల బేరం, పెళ్లి సంబంధాలు జిల్లా హద్దును చూసి ఆగవు. సూర్యాపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాల, కోదాడలోని కె.ఆర్.ఆర్. కళాశాల, మిర్యాలగూడలోని కె.ఎన్.ఎం. కళాశాల, ఇవి మూడూ 2007లో నల్లగొండలో ఏర్పడిన మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం గొడుగు కిందే ఉన్నాయి. ఈ మూడు కళాశాలల విద్యార్థులు కలిసి ఈ మూడు పట్నాల గురించి ఒకే పత్రిక నడపాలి. ఆ పత్రిక చదువుకు తోకలా వేలాడకూడదు, అదే చదువు కావాలి. ప్రత్యేకంగా జర్నలిజం శాఖ పెట్టేదాకా ఆగనక్కర్లేదు. ఇప్పుడున్న తెలుగు, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్ర అధ్యాపకులతోనే అది మొదలుకాగలదు. నా వాదన ఇంతే. దీనికి ఆధారాలున్నాయి, గట్టి అభ్యంతరాలూ ఉన్నాయి.

ముందు ఇప్పుడున్న ఏర్పాటేమిటో చూద్దాం. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక తెలుగునాట స్థానిక వార్తకు అర్థమే మారిపోయింది. ఊరి బోరింగు చెడిపోయినా, బడి పైకప్పు కురిసినా అచ్చులో కనబడే రోజులొచ్చాయి. భారతీయ భాషా పత్రికల విస్తృతిని పరిశోధించిన రాబిన్ జెఫ్రీ 2000లో వెలువరించిన తన పుస్తకంలో ఈ మార్పును వివరంగా చర్చించారు. కానీ ఆ జిల్లా పేజీలను మోసింది, ఇప్పటికీ మోస్తున్నది మండలాల్లోని కంట్రిబ్యూటర్లు. వాళ్లలో చాలామందికి నెల జీతం ఉండదు. రాసిన వార్తకు లైన్ అకౌంట్ లెక్కన కొద్దిపాటి సొమ్ము వస్తుంది, పండక్కీ పబ్బానికీ ప్రకటనలు తెచ్చే బాధ్యత మీద పడుతుంది. ఎవరి దగ్గర ప్రకటన తేవాలో వాళ్ల మీదే వార్త రాయాల్సి వస్తే కలం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. తప్పు ఆ మనుషులది కాదు, ఆ ఏర్పాటుది. పెద్ద పత్రికలు తమ సొంత జర్నలిజం పాఠశాలల్లో భృతి ఇచ్చి మంచి శిక్షణే ఇస్తూ వచ్చాయి. అయితే అక్కడ తయారైనవాళ్లు ఎక్కువగా డెస్కులకు, నగరాలకు వెళ్తారు. మండలంలో ఉండేవాడికి శిక్షణ అందదు, శిక్షణ అందినవాడు మండలంలో ఉండడు.

ఇక కళాశాలలో పత్రిక అంటే మనకు గుర్తొచ్చేది వార్షిక సంచిక. నిగనిగలాడే అట్ట, లోపల వరుసగా సందేశాలు, ఫొటోలు, ర్యాంకుల జాబితా, జాతీయ సేవా పథకం శిబిరం నివేదిక, అమ్మ మీద ఒక కవిత, స్నేహం మీద ఒక కవిత. వాటిని రాసిన పిల్లల శ్రద్ధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మొదటిసారి తన పేరు అచ్చులో చూసుకున్న సంతోషం చిన్నది కాదు. కానీ ఆ సంచిక ఏడాదికొకసారి వస్తుంది, అందులోని ఏ వాక్యాన్నీ ఎవరూ నిలదీయరు. తప్పు పడితే మర్నాడు ఫోన్ చేసేవారు లేరు. కళాశాల గోడ బయట ఉన్న ఊరు అందులో కనబడదు. రాయడం నేర్పడానికి అది కొంత పనికొస్తుందేమో, విలేకరితనం నేర్పడానికి పనికిరాదు. ఎందుకంటే అందులో ఎవరినీ ఏమీ అడగాల్సిన అవసరం రాదు.

సూర్యాపేటవాసులకు ఈ తేడా ఇంకో రంగం నుంచి తేలిగ్గా అర్థమవుతుంది. 2019లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దానికి ఆసుపత్రిని జోడించారు. రోగి మంచం పక్కన నిలబడకుండా వైద్యం నేర్చుకోవచ్చని ఎవరైనా అంటే ఊరు ఒప్పుకోదు. పత్రికా రచన విషయంలో మాత్రం పుస్తకంలో నిర్వచనాలు చదివి, పరీక్షలో 'వార్త లక్షణాలు ఏవి' అన్న ప్రశ్నకు జవాబు రాస్తే సరిపోతుందని అనుకుంటున్నాం. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం ఈ పొరపాటు చేయలేదు. అక్కడ జర్నలిజం పాఠశాల 1908 సెప్టెంబరు 14న తెరుచుకుంది. తరగతులు మొదలైన ఆ రోజే విద్యార్థుల పత్రిక మొదటి సంచిక కూడా వెలువడింది. దాన్ని స్థాపించిన వాల్టర్ విలియమ్స్‌కు కళాశాల పట్టా కూడా లేదు, ఆయన అచ్చు యంత్రం దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఆ పత్రిక క్యాంపస్ కబుర్ల దగ్గర ఆగలేదు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న కొలంబియా పట్టణమంతటికీ వార్తలు అందించింది, ఇప్పటికీ అందిస్తోంది. వైద్య విద్యార్థికి ఆసుపత్రి ఎలాగో జర్నలిజం విద్యార్థికి ఆ ఊరు అలాగ. మన ఉస్మానియాలో 1954లో జర్నలిజం విభాగం పెట్టినప్పుడు దానికి రూపమిచ్చింది కూడా ఒక అమెరికన్ ఆచార్యుడే, పేరు డి ఫారెస్ట్ ఓడెల్. ఆ విభాగం విద్యార్థులు 'ఉస్మానియా కొరియర్' పేరుతో ప్రయోగ పత్రిక తెస్తూ వచ్చారు. కాబట్టి ఇది మనకు కొత్త ఆలోచనేమీ కాదు. హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయం స్థాయిలో ఉన్నది జిల్లా కళాశాల దాకా రాలేదు, అంతే.

పత్రిక పెట్టినంత మాత్రాన చదువు దానంతటదే జరిగిపోతుందా? జరగదు. ఇక్కడే కలిసి నేర్చుకునే జట్టు అన్న మాటకు అర్థం చెప్పుకోవాలి. విద్యారంగంలో దీన్ని లెర్నింగ్ కమ్యూనిటీ అంటున్నారు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో వెలువరించిన పుస్తకంలో పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దర్జీల గురించి రాశారు. అక్కడ పనికి కొత్తగా చేరిన కుర్రాడికి ముందు కత్తెర ఇవ్వరు. పూర్తయిన బట్టకు గుండీలు కుట్టడం, అంచులు మడవడం, ఇస్త్రీ చేయడం ఇస్తారు. అంటే బట్ట తయారీలో చివరి మెట్టు అతనికి మొదటి మెట్టు. ఆ తర్వాత కుట్టు, అన్నిటికన్నా చివర్లో కత్తిరింపు. సూర్యాపేట బజారులో ఏ టైలర్ షాపులో చూసినా ఇదే వరస. పిల్లవాడు కాజాలు కుడుతూ, గుండీలు పెడుతూ నెలల తరబడి మాస్టర్ చేతుల్ని చూస్తాడు. కాజా కుట్టేటప్పుడే అతనికి చొక్కా మొత్తం ఎలా ఉండాలో తెలిసిపోతుంది. గుడ్డ పాడైతే నష్టం పెద్దది కాబట్టి కత్తెర ఆఖరున చేతికొస్తుంది. ఎవరూ పాఠం చెప్పరు, అయినా అందరూ నేర్చుకుంటారు. నేర్పేది ఒక్క మాస్టర్ కాదు, తనకన్నా ఏడాది ముందు చేరిన కుర్రాడు కూడా.

విద్యార్థి పత్రికకు ఈ వరసే సరిపోతుంది. మొదటి ఏడాది విద్యార్థికి అచ్చుతప్పులు దిద్దడం, పేర్లూ అంకెలూ సరిచూడడం, పత్రికను బస్టాండులో పంచడం అప్పజెప్పాలి. పేరులో ఒక్క అక్షరం తప్పుపోతే ఆ మనిషి ఎంత బాధపడతాడో పంచేటప్పుడు తెలుస్తుంది. రెండో ఏడాది అడగడం, రాయడం. మూడో ఏడాది ఏది వేయాలి, ఏది వేయకూడదు అని నిర్ణయించడం, అదే కత్తెర పని. ఏటా మూడో ఏడాదివాళ్లు వెళ్లిపోతారు, మొదటి ఏడాదివాళ్లు వస్తారు, జట్టు మాత్రం నిలబడుతుంది. ఇప్పటి మన తరగతి గదుల్లో మొదటి సంవత్సరం విద్యార్థికి మూడో సంవత్సరం విద్యార్థి ఫ్రెషర్స్ డే నాడు తప్ప పెద్దగా కనబడడు. సబ్జెక్టుల సంగతీ అంతే. అర్థశాస్త్రంలో మద్దతు ధర పాఠం ఒక చోట, రాజనీతిలో స్థానిక సంస్థల పాఠం ఒక చోట, తెలుగులో వ్యాసరచన ఇంకో చోట. వడ్ల కొనుగోలు మీద ఒక్క వార్త రాయాల్సి వచ్చిందంటే మూడూ ఒకే బల్ల మీదికి వస్తాయి.

ఆ వడ్ల కథను కొంచెం దగ్గరగా చూద్దాం. మిర్యాలగూడ అంటేనే రైసు మిల్లులు. కోతల కాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరడం ఏటా వచ్చే వార్తే. ఊళ్లలో కొనుగోలు కేంద్రాలు తెరిచినప్పుడు సాధారణంగా అచ్చయ్యే వాక్యం ఇలా ఉంటుంది: రైతులు దళారులను నమ్మి మోసపోవద్దని, కొనుగోలు కేంద్రాలను సద్వినియోగం చేసుకోవాలని వక్తలు కోరారు. దీన్ని విద్యార్థి విలేకరి చేతిలో పెట్టి కేంద్రానికి పంపండి. మద్దతు ధరకు కొనాలంటే వడ్లలో తేమ 17 శాతం దాటకూడదని అతనికి అర్థశాస్త్రం తరగతిలో తెలిసి ఉంటుంది. అక్కడికి వెళ్లాక తేమ కొలిచే మిషన్ కనబడుతుంది. దోసెడు వడ్లు అందులో పోస్తారు, అంకె వెలుగుతుంది. అప్పుడతను అడగాల్సినవి మొదలవుతాయి. ఆ దోసెడు కుప్ప పైనుంచి తీశారా, అడుగు నుంచి తీశారా? కేంద్రంలో 17 చూపిన వడ్లు మిల్లు మిషన్‌లో ఎంత చూపాయి? రెండు మిషన్లనూ చివరిసారి ఎవరు సరిచూశారు? తాలు పేరుతో, తరుగు పేరుతో బస్తాకు ఎంత తీశారు? ఆ సంగతి రైతుకిచ్చిన రశీదు మీద ఉందా, నోటిమాటేనా? కుప్ప పోసిన రోజుకూ కాంటా వేసిన రోజుకూ మధ్య ఎన్ని రాత్రులు గడిచాయి? 2024–25 సీజనులో 'ఏ' గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,320 రూపాయల మద్దతు ధర, సన్నాలకు రాష్ట్ర ప్రభుత్వం 500 రూపాయల బోనస్. ఇవి కాగితం మీది అంకెలు. రైతు చేతికొచ్చిన అంకె ఎంతో పది మంది రశీదులు చూసి లెక్కగట్టాలి. మిల్లు యజమాని మాట, హమాలీ మాట, తూకం వేసినవాడి మాట కూడా వినాలి. ఇదంతా చేసి వచ్చిన విద్యార్థి రాసే మొదటి వాక్యంలో 'సద్వినియోగం' అన్న మాట ఉండదు. ఎన్ని రాత్రులో, ఎన్ని కిలోలో ఉంటుంది. భాష మారిందంటే చూపు మారిందన్నమాట.

ఇలాంటి లెక్కలకు కాగితాలు అడిగే వీలు కల్పించే సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాజనీతి శాస్త్రం పుస్తకంలో ఒక పేరాగా ఉన్న ఈ చట్టాన్ని ప్రతి విద్యార్థీ డిగ్రీలో ఒక్కసారైనా వాడి చూస్తే, పౌరశాస్త్రం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

మరి మూడు కళాశాలలు ఎందుకు? ఎవరిది వాళ్లు పెట్టుకోవచ్చు కదా? దీనికి జవాబు ఒక పాత ఉదాహరణలో ఉంది. 1920ల్లో ఫ్రాన్స్‌లోని బార్-సుర్-లూ అనే పల్లెలో సెలెస్తాఁ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు తన తరగతిలో చిన్న అచ్చు యంత్రం పెట్టాడు. పిల్లలు తమ ఊరి సంగతులు రాసి, అక్షరాలు పేర్చి, అచ్చు వేసి దూరప్రాంతంలోని ఇంకో బడికి పంపేవాళ్లు, అక్కడి నుంచి అలాంటివే వీళ్లకు వచ్చేవి. తన ఊరివాడికి వివరించనక్కర్లేని సంగతిని దూరపువాడికి విడమరిచి చెప్పాల్సి వస్తుంది. అలా చెప్పబోయినప్పుడే తనకెంత తెలియదో తెలుస్తుంది. మిర్యాలగూడ విద్యార్థికి సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర ఏర్పాట్ల గురించి ప్రశ్నలుంటాయి, దామరచర్ల మండలం వీర్లపాలెంలో కట్టిన 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం గురించి కోదాడ విద్యార్థికి ఉంటాయి. దీనికన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. చిన్న పట్టణంలో అందరూ అందరికీ తెలుసు. కాంట్రాక్టరు మేనమామ స్నేహితుడై ఉంటాడు, కౌన్సిలరు వీధిలోనే ఉంటాడు. కోదాడ వార్తను మిర్యాలగూడ జట్టు దిద్దితే ఆ మొహమాటం సగం తగ్గుతుంది. వార్త రాసినవారి మీద ఒత్తిడి వచ్చినా, నిర్ణయం తన ఒక్కరి చేతిలో లేదని చెప్పుకునే వీలుంటుంది.

ఇలాంటి జట్టుకు ఈ నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. సూర్యాపేట, కోదాడల మధ్య ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, అది మాత్రం బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. నడిగూడెం కోటలో జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపనలో వీళ్లున్నారు. 1906లో లక్ష్మణరావు చొరవతో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలను సామాన్యుడికి తెలుగులో అందించాలన్నది దాని ఉద్దేశం. మండలి 1907లో తెచ్చిన మొదటి పుస్తకం అబ్రహాము లింకను చరిత్ర, దాన్ని రాసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు అప్పటికి సుమారు 24 ఏళ్లు. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు అదే ఏడాది ఆయన్ను రాజమండ్రి ట్రైనింగ్ కళాశాల నుంచి తీసేశారు. మరుసటి ఏడాది బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడిపి, అందులో రాసిన రాతకు జైలుకు వెళ్లారు. రాసే యువకుడు, దిద్దే పెద్దవాడు, చందా కట్టి చదివే పాఠకుడు, ఈ ముగ్గురి మధ్య నడిచిన చదువు అది. ఏ విశ్వవిద్యాలయమూ దానికి పట్టా ఇవ్వలేదు. ఆ తర్వాత 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవడానికే అనుమతి అడగాల్సిన కాలంలో, జిల్లా కేంద్రంలో తెలుగు పత్రిక పుట్టిందంటే ఈ ప్రాంతానికి పత్రిక అరువు తెచ్చుకున్న సరుకు కాదని తెలుస్తుంది.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బరువైనది ప్రిన్సిపాల్ వైపు నుంచి వస్తుంది. పత్రికలో ఏదో వస్తుంది, ఎవరో నొచ్చుకుంటారు, ఫోన్ ముందుగా తనకే వస్తుంది. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ప్రభుత్వ ఉద్యోగికి బదిలీ భయం ఉంది, ప్రైవేటు కళాశాలకు అడ్మిషన్ల భయం ఉంది. పత్రికా స్వేచ్ఛకు పేరుపడ్డ అమెరికాలోనే, అదీ మిస్సోరి రాష్ట్రంలోనే, హేజెల్‌వుడ్ ఈస్ట్ అనే హైస్కూలు ప్రిన్సిపాల్ 1983లో విద్యార్థి పత్రిక నుంచి రెండు పేజీలు తీయించేశాడు. ఆయన అభ్యంతరం వాటిలోని రెండు వ్యాసాల మీద, ఒకటి గర్భం దాల్చిన విద్యార్థినుల గురించి, ఒకటి విడాకుల గురించి. విద్యార్థులు కోర్టుకెక్కితే 1988లో అక్కడి సుప్రీంకోర్టు ప్రిన్సిపాల్ పక్షమే తీర్పు చెప్పింది. దీనికి ఇంకో కొసన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థి పత్రిక 1973లోనే విశ్వవిద్యాలయం నుంచి విడిపోయి సొంత సంస్థ అయింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడి పాత పరిశోధన పత్రాలలోని లోపాల మీద ఒక మొదటి సంవత్సరం విద్యార్థి అందులో వరసగా రాశాడు. 2023 జులైలో అధ్యక్షుడు తప్పుకుంటున్నట్లు ప్రకటించాడు. మన జిల్లా కళాశాల రేపటికి రేపు స్టాన్‌ఫర్డ్ కావాలని నేననను. కానీ ఈ రెండు కొసల మధ్య నడవదగ్గ దారి ఉంది. అచ్చుకు ముందే రాసుకున్న నియమాలు కొన్ని ఉండాలి: ఆరోపణ ఎవరి మీద ఉందో వారి జవాబు లేకుండా వార్త వేయకూడదు. ప్రతి అంకెకూ కాగితం చూపించాలి. తప్పు పడితే తర్వాతి సంచికలో అదే చోట సవరణ వేయాలి. మూడు కళాశాలల అధ్యాపకులు ఒక్కొక్కరు, న్యాయవాది ఒకరు, పనిచేస్తున్న సీనియర్ విలేకరి ఒకరు సలహామండలిలో ఉండాలి. ప్రిన్సిపాల్‌కు అచ్చయిన ప్రతి వెళ్లాలి గానీ, అచ్చుకు ముందు సంతకం కోసం వెళ్లకూడదు. ఈ చివరి నియమం వదులుకుంటే మళ్లీ వార్షిక సంచికే మిగులుతుంది. ఫోన్ వచ్చినప్పుడు ప్రిన్సిపాల్, 'నియమాలు ఇవి, మీ జవాబు పంపండి, వేస్తారు' అని చెప్పగలిగితే ఆ పత్రిక వల్ల ఆయనకే మేలు. మన కళాశాలల్లో విద్యార్థి సంఘాలకు ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలయింది. హాస్టల్ నీళ్ల గురించో స్కాలర్‌షిప్పు బకాయిల గురించో విద్యార్థి గొంతు ధర్నా రూపంలో తప్ప వినబడే దారి లేదు. పత్రిక ఉంటే ఆ గొంతు ఆధారాలతో వస్తుంది.

రెండో అభ్యంతరం దీనికన్నా సున్నితమైనది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు ఊరి గాయాల మీద రాయగలరా? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి గర్భిణి అయిన భార్య కళ్లముందే పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు దోషులకు శిక్షలు విధించింది. ఈ మధ్య కాలమంతా ఆ కుటుంబాల దుఃఖం ఎన్ని చానెళ్లలో ఎన్నిసార్లు సరుకుగా మారిందో తెలుగువాళ్లందరూ చూశారు. అందుకే పిల్లలు దాని జోలికి పోకూడదంటారు కొందరు. నాకు మాత్రం సరిగ్గా అందుకే వాళ్లు నేర్చుకోవాలనిపిస్తుంది. అదే తరగతి గదిలో అన్ని కులాల పిల్లలూ పక్కపక్కన కూర్చుంటారు. ఒక వాక్యం రాసి బల్ల మీద పెడితే అది ఎవరిని గుచ్చుతుందో పక్కవాడి మొహంలో కనబడుతుంది. ఆ పాఠం హైదరాబాద్ స్టూడియోలో దొరకదు. ఏమి రాయాలో నేర్చుకోవడంతో పాటు ఏమి రాయకూడదో నేర్చుకోవాలి. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను, లైంగిక నేరాల్లో బాధిత పిల్లల వివరాలు వెల్లడించడాన్ని పోక్సో చట్టం 23వ సెక్షను నిషేధిస్తున్నాయి. ఈ సంగతి తెలియని చేతుల్లో ఇవాళ ప్రతి ఊళ్లోనూ పది వాట్సాప్ గ్రూపులు, నాలుగు యూట్యూబ్ చానెళ్లు ఉన్నాయి. మన విద్యార్థులు ఇప్పటికే ప్రచురణకర్తలు, వాళ్లకు దిద్దేవాళ్లే లేరు.

ఉద్యోగాలెక్కడ అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. కోవిడ్ తర్వాత పత్రికల పేజీలు తగ్గాయి, జిల్లాల్లో కొలువులూ తగ్గాయి. ఈ పత్రికలో పనిచేసిన అందరూ విలేకరులు కాలేరు, కానక్కర్లేదు కూడా. పంచాయతీ కార్యదర్శి అయ్యే అమ్మాయికి, మిల్లులో లెక్కలు రాసే అబ్బాయికి, గ్రూప్స్ పరీక్షకు కూర్చునేవాళ్లకు కూడా ఒక కాగితాన్ని చదివి అందులో లేనిదేమిటో కనిపెట్టడం పనికొస్తుంది. పిల్లలకు తెలుగు సరిగా రాయడం రాదన్న మాట కూడా తరచూ వినబడుతుంది. రాకపోవడానికి కారణం రాయించకపోవడమే. పైగా పత్రిక భాష అంటే ప్రెస్ నోటు భాష అనుకోవడం వల్ల ఇంట్లో చక్కగా మాట్లాడే పిల్ల కాగితం మీద బిగుసుకుపోతుంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియోలో దళిత మహిళలు తమ మాటలోనే కార్యక్రమాలు చేస్తున్నారు, విత్తనాల గురించీ పంటల గురించీ వాళ్లు చెప్పినంత స్పష్టంగా పండితులు చెప్పలేరు. నల్లగొండ యాసలో వచ్చిన మాటను కొటేషన్లలో అలాగే ఉంచి, మిగతా వార్తను సరళమైన తెలుగులో రాయడం ఒక ఏడాది సాధనతో వస్తుంది.

డబ్బు సమస్య అన్నిటికన్నా చిన్నది. ఏ3 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. నెలకొక సంచిక. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పనిచేసేవాళ్లు ప్రతి పట్నంలోనూ ఉన్నారు, యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రకటనలు మాత్రం తీసుకోకూడదు. తీసుకుంటే కంట్రిబ్యూటర్ల ఏర్పాటులోని రోగం ఇక్కడికీ అంటుకుంటుంది. చందాలు పాఠకుల నుంచి, పూర్వ విద్యార్థుల నుంచి రావాలి. 1867 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం పోయి 2023 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, దాని కింద ఏం చేయాలో సలహామండలిలోని న్యాయవాది మొదటే చూసి చెప్పాలి. అసలు కొరత అధ్యాపకుల సమయం. పత్రిక చూసే అధ్యాపకుడికి ఆ గంటలు పనిగంటలుగా లెక్కకట్టాలి, విద్యార్థికి ప్రాజెక్టు మార్కుల్లో చోటివ్వాలి. అది విశ్వవిద్యాలయం చేయాల్సిన పని.

ప్రతి సంచికనూ మూడు కళాశాలల గ్రంథాలయాల్లో, సూర్యాపేట, నల్లగొండ జిల్లా గ్రంథాలయాల్లో బైండు చేయించి ఉంచాలి. కాగిత రామచంద్రాపురం గండి పూడ్చిన చోట ఈసారి నీళ్లు వదిలినప్పుడు కట్ట మీద నిలబడి చూసి రాసే విద్యార్థికి, నిరుడు అదే కట్ట మీద నిలబడ్డ విద్యార్థి ఏం రాసిందో చదువుకుని వెళ్లే వీలుంటుంది.